పొయ్యి మీది అంకెకు అర్థము మాతృభాషలో కావలెను

హెచ్చరిక యనునది వినువానికి తెలిసిన భాషలో ఉన్నప్పుడే హెచ్చరిక యగును. తెలియని భాషలో ఉన్నది వట్టి చప్పుడు. ఈ చిన్న సత్యమును గుర్తింపని వ్యాపారసంస్థలు నేడు మన వంటయిండ్లలోనికి ఇండక్షన్ పొయ్యిలను పంపుచున్నవి. ఆ పొయ్యికి ఏదేని కష్టము కలిగినప్పుడు అది కూతపెట్టి, ముఖము మీద ‘ఇ-0’ అనియో, ‘ఇ-1’ అనియో, ‘ఇ-3’ అనియో ఒక ఇంగ్లీషు అక్షరమును, ఒక అంకెను వెలిగించును. దాని అర్థము పొయ్యి మీద ఉండదు; పెట్టెలోని పుస్తకములో ఉండును. ఆ పుస్తకము ఇంగ్లీషులో ఉండును. కొన్నిటిలో హిందీ కూడ ఉండును. మేము మా అంగళ్లలో విప్పి చూచిన పెట్టెలలో తెలుగు లేదు. ఈ రాష్ట్రపు అధికారభాషయగు కన్నడము సయితము లేదు.

ఒక పొయ్యిని గూర్చి ఇంత వ్రాయవలెనా యని కొందరు నవ్వవచ్చును. నవ్వువారు ఒక్క మాట ఆలోచింపవలెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతబడిన పిమ్మట మన బంగారుగనుల పట్టణమున వేలకొలది కుటుంబములు బెంగుళూరు పనుల మీద ఆధారపడి బ్రతుకుచున్నవి. మారికుప్పములోను బంగారుపేటలోను తెల్లవారకమునుపే రైలెక్కవలసిన వారికి ఈ పొయ్యి విలాసవస్తువు కాదు. నాలుగున్నరకు లేచి అన్నము, చారు వండి డబ్బాలో సర్దవలసిన తల్లికి అది కూడ ఒక పనిముట్టు. ఆ వేళలో పొయ్యి కూసి ఆగిపోయినచో, అంకెకు అర్థము తెలియనిచో, ఇంటి మగవాడో కూతురో ఆకలితో రైలెక్కవలెను. ఆ సాయంకాలము పొయ్యి మరమ్మతు కొట్టునకు పోవును. పాత్ర మార్చిన చాలు ననెడి దోషమునకు ‘బోర్డు కాలిపోయినది’ అను మాట చెప్పి డబ్బు గుంజువారు ఏ ఊరనైనను ఉందురు. అర్థము తెలియని అంకె వారికి పెట్టుబడి లేని వ్యాపారము.

సంకేతములు మన పట్టణమునకు క్రొత్త కావు. ఈ ఊరు నూరేండ్లకు పైగా సంకేతముల మీదనే ప్రాణములు నిలుపుకొని బ్రతికినది. గనిలోనికి దిగు పంజరమునకు గంటయే భాష. కదలుచున్న పంజరమును ఆపవలెనన్న ఒక్క గంట. దింపుటకు, మనుషులు ఎక్కుటకు వేరువేరు లెక్కలు. ఛాంపియన్ రీఫ్ గని పది వేల అడుగులకు మించిన లోతునకు దిగినది. అంత లోతునుండి వచ్చిన గంటను పైనున్న యంత్రచాలకుడు తప్పుగా గ్రహించినచో ఏమగునో మన పెద్దలకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. అందుచేతనే ఆ సంకేతముల పట్టికను గని మోరచెంతను, యంత్రశాలలోను అందరకు కనబడునట్లు తగిలింపవలెనని గనుల నిబంధనలు విధించినవి. 1952 నాటి గనుల చట్టము తన సారాంశమును ఇంగ్లీషుతో పాటు నిర్ణయింపబడిన ఇతర భాషలలో కూడ గనియొద్ద అతికింపవలెనని చెప్పినది. సంకేతము పెట్టినవాడే దాని అర్థమును కూలివానికి తెలుపవలెనని ఆనాడే ఒప్పుకొన్న న్యాయము. పాతాళమున పనిచేయు కూలివానికి చెల్లిన న్యాయము పొయ్యి ముందు నిలుచున్న అతని మనుమరాలికి ఏల చెల్లరాదు?

మరియొక మాట. శివసముద్రపు జలపాతము నుండి 1902వ సంవత్సరమున సుమారు తొంబది మైళ్లకు పైగా తీగలు లాగి విద్యుచ్ఛక్తిని మన గనుల యంత్రములకు తెచ్చిరి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. రాజధాని కంటె ముందు కరెంటును చూచిన గడ్డ యిది. నూట యిరువది యేండ్ల పిమ్మట ఈ గడ్డ మీది ఆడవారు ఒక కరెంటు పొయ్యి యెదుట అక్షరజ్ఞానము లేనివారివలె నిలువవలసి వచ్చుట న్యాయమా? వారు చదువురానివారు కారు. తెలుగు చదువుదురు, కన్నడము చదువుదురు, పలువురు తమిళమును మాటాడుదురు. మూడు భాషలు వచ్చినవారిని నాల్గవ భాష రాలేదని మూఢులను చేయుట ఎవరి తప్పు?

ఇక ఈ అంకెల సంగతి చూతము. ఇందులో పెద్ద అన్యాయము వేరొకటి కలదు. ఈ సంకేతములకు కంపెనీలన్నిటికి ఉమ్మడి నియమము లేదు. ఒక కంపెనీ పొయ్యిలో ‘పాత్ర లేదు’ అని చెప్పు అంకెయే వేరొక కంపెనీ పొయ్యిలో ‘వోల్టేజి తగ్గినది’ అని చెప్పును. మూడవదానిలో ‘వేడిని కొలచు పరికరము చెడినది’ అని చెప్పును. పక్కింటి వదినగారు చెప్పిన అర్థము మన యింటి పొయ్యికి పనికిరాదు. పాత పొయ్యి మీద నేర్చుకొన్నది క్రొత్త పొయ్యి మీద చెల్లదు. కనుక ఇంగ్లీషు వచ్చినవారు కూడ ఈ బాధనుండి తప్పించుకొన్నవారు కారు. పుస్తకము పోయినచో పట్టభద్రుడును పామరుడును ఒక్కటే.

కోపము చాలదు, ఉపాయమును చెప్పవలెను. అంకె ఏదైనను, ఈ పొయ్యిలు మొరపెట్టుకొను కారణములు చాలవరకు నాలుగే. వాటిని వరుసగా చెప్పుచున్నాము. ఇంటి ఆడవారికి చదివి వినిపింపగోరెదము.

మొదటిది పాత్ర. ఈ పొయ్యిలో మంట లేదు. అద్దపు పలక క్రింద రాగితీగ చుట్ట యున్నది. అందులో సెకనుకు వేలకొలది మార్లు దిశ మారు కరెంటు ప్రవహించి అయస్కాంతశక్తిని పుట్టించును. ఆ శక్తి ఇనుపజాతి లోహపు అడుగున కరెంటు సుడులను రేపి పాత్రనే వేడెక్కించును. కావున ఇనుమును పట్టునట్లు సూదంటురాయి ఏ పాత్ర అడుగును పట్టునో ఆ పాత్రయే దానికి పనికివచ్చును. మన యిండ్లలో సంగటి కెలుకు అల్యూమినియపు తపేలా, రాగి చెంబు, ఇత్తడి గిన్నె, మట్టికుండ దానికి కనబడవు. వాటిని పెట్టినను పొయ్యి మీద ఏమియు లేనట్లే తలచి కూయును. స్టీలు పాత్రలలో కూడ కొన్నిటిని అయస్కాంతము పట్టదు. ఫ్రిజ్జు తలుపునకు అంటించు అయస్కాంతపు బొమ్మను తీసి పాత్ర అడుగున పెట్టి చూడుడు. గట్టిగా అంటుకొన్న మంచిది; జారిపడినచో ఆ పాత్ర పనికిరాదు. పట్టిన పాత్రకు కూడ అడుగు చదునుగా ఉండవలెను, నడిమి వలయమును కప్పునంత వెడల్పు ఉండవలెను, నట్టనడుమ పెట్టవలెను. కాఫీ కాచుకొను చిన్న గిన్నెను సయితము అది లేనట్లే తలచవచ్చును.

రెండవది కరెంటు. మన దేశమున ఇండ్లకు వచ్చు వోల్టేజి 230 అని నియమము. సాయంకాలము అందరును దీపములు, మోటార్లు వేసినప్పుడు అది తగ్గును. ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా పెరుగును. పొయ్యి తనను తాను కాపాడుకొనుటకై ఆగి అంకె చూపును. అది చెడిపోవుట కాదు, జాగ్రత్తపడుట. 2000 వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా కరెంటు లాగును. దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావలెను. దీపములకు, ఫ్యానులకు వేసిన చిన్న ప్లగ్గులోను, సన్నని తీగల ఎక్స్‌టెన్షన్ పెట్టెలోను తగిలించుట నిప్పుతో ఆట. పాత గనికాలనీల లైను ఇండ్లలో వైరింగు ఏనాటిదో చూపించుకొని, పిమ్మటనే ఈ పొయ్యిని కొనవలెను. వేడినీళ్ల గీజరును, పొయ్యిని ఏకకాలమున వేయరాదు.

మూడవది వేడిమి. పొయ్యి కడుపులో చిన్న ఫ్యాను కలదు. అది క్రింది రంధ్రములగుండ చల్లగాలిని లోనికి లాగి, లోపలి వేడిని వెలుపలికి త్రోయును. పొయ్యి క్రింద గుడ్డయో కాగితమో పరచినచో, గోడకు ఆనించి పెట్టినచో, ఆ రంధ్రములు మూసికొనిపోవును. ధూళి, నూనెజిడ్డు, బొద్దింకలు కూడ అదే పని చేయును. ఖాళీ పాత్రను వేడిచేసినను వేడిమి మితిమీరును. అట్టి సమయమున స్విచ్చి ఆపి చల్లారనీయవలెను. వంట ముగిసిన వెంటనే ప్లగ్గు పెరుకరాదు. లోని ఫ్యాను తిరుగుట మానిన పిమ్మటనే పెరుకవలెను. వారమున కొకమారు ప్లగ్గు తీసి, పొయ్యి బోర్లించి, పొడిబ్రష్షుతో రంధ్రములను దులుపవలెను. నీళ్లు పోయరాదు.

నాల్గవది లోపలి పరికరము. పై మూడును సరిచూచి, ప్లగ్గు తీసి పది నిమిషములు ఉంచి, తగిన పాత్రతో మరల వేసినను అదే అంకె వచ్చినచో అప్పుడు దోషము లోపలిదని తలచవచ్చును. అప్పుడే మరమ్మతుకు పోవలెను. గ్యారంటీ గడువు లోపల నున్నచో కంపెనీవారి సర్వీసు కేంద్రమునకే పోవలెను. ఇంటిలో ఎవ్వరును దానిని విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచియుండి ప్రమాదము కలిగింపవచ్చును. అద్దపు పలక వెంట్రుకవాసి పగిలినను ఆ పొయ్యిని ఇక వాడరాదు; పగులులోనికి తడి దిగినచో షాకు కొట్టును. సంగటి పాత్రను పొయ్యి మీదనే ఉంచి తెడ్డుతో బలముగా కెలుకు అలవాటును మానవలెను. పాత్రను క్రిందికి దింపి కెలుకవలెను.

ఇంకొక్కటి, అన్నిటికన్న ముఖ్యమైనది. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు పనిచేయుచున్న ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరమున ఉండవలెనని వైద్యుల సలహా. ఆ సంగతి తమ వైద్యుని అడిగియే ఈ పొయ్యిని వాడవలెను. ఈ వాక్యము పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకమున చిన్న అక్షరములలో ఉండును. దానిని చదువవలసినది ఎవరు? చికిత్స చేయించుకొని ఇల్లుచేరిన అరువదేండ్ల ముత్తవ్వ. ఆమెకు వచ్చినది తెలుగు. ఇప్పుడు చెప్పుడు, ఇది అల్పవిషయమా?

కంపెనీల తరఫున కొన్ని సమాధానములు వినబడుచున్నవి. వాటిని ఒక్కొక్కటిగా విచారింతము.

‘ఇన్ని భాషలలో అచ్చువేయుట ఎట్లు సాధ్య’మని మొదటి ఆక్షేపణ. కోలారు టమాట మార్కెట్టుకు సరుకు తెచ్చు ఏ రైతునైనను అడుగుడు. అతడు కొన్న పురుగుమందు డబ్బాతో మడతలుపెట్టిన కాగితము వచ్చును. అందులో పలు లిపులు ఉండును. అది కంపెనీల దయ కాదు. 1971 నాటి క్రిమిసంహారకముల నిబంధనలు హిందీ, ఇంగ్లీషులతో పాటు, సరుకు అమ్ముడగు ప్రాంతమున వాడుకలోనున్న ఒకటి రెండు భాషలలో కూడ సూచనలు ముద్రింపవలెనని శాసించినవి. అంతేకాదు. డబ్బామీది చతురస్రములో ఎరుపు ఉన్నచో అత్యంత విషము, పసుపు ఉన్నచో అధికవిషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఏ కంపెనీ మందైనను ఆ రంగునకు ఆ అర్థమే. ముళబాగిలు రైతునకును, శ్రీనివాసపురపు మామిడితోటల యజమానికిని అది కంఠస్థము. పొలమునకు చేయగలిగినది వంటయింటికి చేయలేరా? చేయలేక కాదు, చేయుమని శాసించినవారు లేక.

‘మేము చట్టప్రకారమే నడచుచున్నా’మని రెండవ సమాధానము. నిజమే. 2011 నాటి పొట్లపు సరుకుల తూనికకొలతల నిబంధనలు పెట్టెమీది వివరములు దేవనాగరిలో హిందీనందు గాని, ఇంగ్లీషునందు గాని ఉండవలెననుచున్నవి. కాని అదే నిబంధన వాటికి తోడుగా ఇతర భాషలను వాడుటకు అడ్డులేదని కూడ చెప్పుచున్నది. చట్టము వలదనలేదు, కంపెనీలే వలదనుకొన్నవి. మరియు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టపు 84వ విభాగము, హాని కలుగకుండ సరిగా వాడుటకు తగిన సూచనలు గాని, తప్పు వాడుకను గూర్చిన హెచ్చరిక గాని లేని వస్తువు వలన హాని కలిగినచో ఉత్పత్తిదారుడు బాధ్యుడనుచున్నది. ‘తగిన’ అను మాటను గమనింపుడు. కొనువాడు చదువలేని సూచన తగిన సూచన యెట్లగును?

‘ఫోనులో చూచుకొనవచ్చును గదా’ అని మూడవది. పెట్టెమీది చదరపు గుర్తును ఫోనునకు చూపిన వివరము లెల్ల వచ్చునందురు. వచ్చునవి ఇంగ్లీషులోనే వచ్చును. పైగా తెల్లవారుజామున పిండి చేతులతో ఉన్న గృహిణిని ఫోను వెదకుమనుట సూచన కాదు, పరిహాసము. పొయ్యి ముఖము మీద తెలుగు అక్షరములు వెలిగింపుమని మేము కోరుటలేదు. ఏడు గీతల అంకెదీపములో మన లిపి పట్టదని మాకు తెలియును. అరచేయి యంత అంటుకాగితమున అయిదారు పంక్తులు అచ్చువేసి పొయ్యి అడుగున అంటింపుడనుచున్నాము. దానికగు వ్యయమెంత? ప్రకటనలలో సినిమాతారల కిచ్చు సొమ్ములో నలుసంతయు కాదు.

‘కర్ణాటకమున తెలుగేల’ అని నాల్గవది. దీనికి మా సమాధానము స్పష్టము. మేము కన్నడమును తీసి తెలుగును పెట్టుమనుటలేదు. కన్నడము ముందు ఉండవలెను, దాని ప్రక్కన తెలుగు ఉండవలెను, ఈ పట్టణమున తమిళమును ఉండవలెను. ఈ పోరాటమున కన్నడ సోదరులు మాకు ప్రత్యర్థులు కారు. వారికిని అన్యాయమే జరుగుచున్నది. కోలారు జిల్లా తెలుగువారు నిన్న వచ్చినవారు కారు. 2011 జనాభా లెక్కలలో దేశమున ఎనిమిది కోట్లకు పైగా జనులు తెలుగును మాతృభాషగా చెప్పుకొనిరి. ఇక్కడ అమ్ముడగు పెట్టెయే సరిహద్దునకు ఆవల కుప్పములోను, పలమనేరులోను అమ్ముడగుచున్నది. ఒక్కమారు తెలుగులో అచ్చువేసినచో ఎన్ని జిల్లాలకు చాలునో లెక్కవేసికొనుట కంపెనీలకు మేము నేర్పవలెనా?

కంపెనీలను నిందించి మా వర్తకసోదరులను విడిచిపెట్టుట ధర్మము కాదు. సరుకు అమ్మి పెట్టెను కట్టి చేతికిచ్చిన చాలదు. ఇండక్షన్ పొయ్యిని అమ్ము ప్రతి వర్తకుడును పెట్టెను విప్పి, నీళ్లు కాచి చూపి, ఏ అంకెకు ఏ అర్థమో కొనువారి భాషలో ఒక చీటీమీద వ్రాసి పొయ్యి అడుగున అంటించి పంపవలెను. పది నిమిషముల పని. ఇంటిలో ఏ పాత్రలున్నవో అడుగక పొయ్యిని అంటగట్టుట వ్యాపారము కాదు. అది సంతలో గుడ్డిగుఱ్ఱమును అమ్ముట వంటిది. కొనువారు మరల మన యంగడికే రావలెనన్న ఈ మర్యాదయే పెట్టుబడి.

కొనువారికి కూడ కర్తవ్యము కలదు. డబ్బు చెల్లించుటకు ముందు ‘తెలుగు కాగితమేది, కన్నడ కాగితమేది’ అని అడుగవలెను. ఒకరడిగిన నవ్వుదురు, పదుగురడిగిన విందురు, నూర్గురడిగిన అచ్చువేయుదురు. మరమ్మతువాడు ‘బోర్డు పోయిన’దన్నచో ఏ అంకె వచ్చినది, దాని అర్థమేమి యని అడిగి, మార్చిన పాత భాగమును వెనుకకు పుచ్చుకొనవలెను. న్యాయము జరుగనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను, కన్నడములోను మాటాడవచ్చును. ప్రభుత్వము తన సహాయమును మన భాషలో ఇయ్యగలిగినప్పుడు కంపెనీ తన సూచనను ఇయ్యలేకపోవుట వింత.

మా కోరికలు మూడు. ఒకటి: విద్యుత్తుతో నడచు ప్రతి వంటసాధనము మీదను దాని తప్పుసంకేతముల అర్థము, అమ్ముడగు ప్రాంతపు భాషలలో అంటింపబడవలెను. రెండు: పాత్ర, వోల్టేజి, వేడిమి, లోపలి దోషము అను నాలుగింటికైనను అన్ని కంపెనీలకు ఒక్కటే అంకె ఉండునట్లు కేంద్రప్రభుత్వము నియమింపవలెను. మూడు: పురుగుమందులకు 1971లో చేసినట్టి భాషానిబంధనను గృహోపకరణములకు కూడ చేయవలెను.

ఈ కోరికలను ఇంగ్లీషులో వ్రాయింపవలెనని ఎవ్వరును వెదకుకొనవలదు. రాజ్యాంగపు 350వ అనుచ్ఛేదము, కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషయందైనను తన కష్టమును విన్నవించుకొను హక్కును ప్రతివానికి ఇచ్చినది. కావున మన అర్జీ తెలుగులోనే పోవలెను. ప్రతి ఇంటినుండి ఒక సంతకము పోవలెను. ముందుగా సంతకము చేయవలసినవారు ఇంటి యజమానులు కారు. పొయ్యి ముందు నిలుచు తల్లులు, అక్కచెల్లెండ్రు. కూత వినుచున్నవారు వారే. అర్థము తెలిసికొను హక్కును వారిదే.